సమాధానం: అన్నం తగ్గించినా 9 ఏళ్ల బాబు బరువు పెరుగుతూనే ఉంది

తేడా అన్నంలో కాదండి, తాగేవాటిలో ఉండి ఉంటుంది. ట్యూషన్ నుంచి రాగానే కూల్‌డ్రింక్, రాత్రి పొడి కలిపిన పాలు అని మీరే రాశారు. 250 మి.లీ. కూల్‌డ్రింక్‌లోనే సుమారు 25 గ్రాముల పంచదార ఉంటుంది.

1. ఇవాళ్టి నుంచి మంచినీళ్లు, పల్చటి మజ్జిగ. పాలు ఉత్తవే.

2. చాలామంది చేసే పొరపాటు ఇదే: నియమం బాబొక్కడికే పెడతారు. ఫ్రిజ్‌లో సీసా ఉండి, నాన్న తాగుతుంటే పిల్లాడు ఆగడు. ఇంట్లోకి కొనడమే మానండి. వాడి ముందు బరువు మాట ఎత్తొద్దు, చుట్టాలనీ ఎత్తనివ్వొద్దు.

3. రోజూ గంట ఆట. బీచ్ అయినా, దగ్గర్లోని పార్కయినా సరే.

4. నిద్ర కనీసం 9 గంటలు.

అన్నం ఆకలికి సరిపడా పెట్టండి, పప్పూ కూరా పెంచండి, ఎదిగే వయసు. మెడ వెనక చర్మం నల్లబడినా, గురక పెడుతున్నా పిల్లల డాక్టరుకి చూపించండి.