ఆ రాతి తోరణం దాకా నడవగలనా?

ప్రశ్న: మాది బెంగళూరు, మారతహళ్లి. జూన్‌లో మా అబ్బాయి అమెరికాలో యూటా ఎడారిలోని డెలికేట్ ఆర్చ్ చూపిస్తానంటున్నాడు. నాకు 62 ఏళ్లు, నడవగలనా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: రోజూ నడిచే అలవాటుంటే నిదానంగా వెళ్లి రావచ్చండీ, ఎండెక్కాక మాత్రం వద్దే వద్దు. రానూపోనూ దాదాపు 5 కిలోమీటర్లు, నీడన్నదే ఉండదు, మధ్యలో ఏటవాలు బండ ఎక్కాలి, చివర్లో దారి బండ అంచు వెంట సాగుతుంది కాబట్టి అబ్బాయి చెయ్యి పట్టుకోండి. తెల్లవారగానే బయల్దేరండి. మనిషికి 2 లీటర్ల నీళ్లు, పట్టున్న బూట్లు. మలుపు తిరగ్గానే 16 మీటర్ల ఎర్రటి ఇసుకరాతి తోరణం ఒంటరిగా నిలబడి ఉంటుంది, ఎవరూ చెక్కింది కాదు, పగుళ్లలో చేరిన నీరు గడ్డకడుతూ రాతిని రేణువు రేణువుగా రాల్చేసింది. మోకాళ్లు సహకరించకపోతే కింది వ్యూపాయింట్‌కి 90 మీటర్లే నడక, దూరం నుంచైనా చూడండి.