గాజులు తియ్యనన్న పెద్దమ్మ

ప్రశ్న: మా అక్క బతుకమ్మ పాటలు పాడుతది. కీబోర్డు మీద ట్రాక్ కట్టేది నేను. రాత్రుళ్లు కూసొని ఫ్లూట్, వయొలిన్లు, దరువు వేసే ప్యాడ్స్ అన్నీ నింపుత. విన్నోళ్లేమో అక్క గొంతునే మెచ్చుకుంటరు. మొన్న అక్క కూడా ‘మ్యూజిక్ ఎక్కువైంది తమ్మీ’ అన్నది. అరేంజరంటే ఇంతేనా అన్నా?
– ఒక పాఠకుడు, జమ్మికుంట

జవాబు: కోపం చేసుకోకు తమ్మీ, అక్క చెప్పింది నిజమే అయ్యుంటది.

ఓఫ్రా హజా అని ఇజ్రాయెల్ గాయని. అమ్మానాన్నలు యెమెన్ నుంచి వచ్చిన యూదులు. 1984లో తమ ఇంటి పాటలనే ఆల్బమ్‌గా పాడింది. అరేంజ్ చేసింది బెన్నీ నగారి. అందులో ‘ఇమ్ నిన్ ఆలు’ విను. 17వ శతాబ్దపు కవి షబాజీ రాసింది. మొదట ఒట్టి గొంతే, ఒక్క వాద్యం ఉండదు. ఎంత ధైర్యం కావాలె! మనమైతే ఆ జాగల నాలుగు వయొలిన్లు కుక్కేటోళ్లం.

యెమెన్ యూదులు రేకు డబ్బాల మీద, రాగి పళ్లెం మీద దరువేస్తరు. నగారి ఆ డబ్బా చప్పుడు తీసెయ్యలే, దాని చుట్టే తక్కిన వాద్యాలు పేర్చిండు. తర్వాత ఇజ్హార్ అష్దోత్ అదే పాటకు డాన్సు బీటు కట్టిండు. 1988లో పశ్చిమ జర్మనీ పాటల చార్టులో 9 వారాలు మొదటి స్థానంలో ఉన్నది. ఇద్దరు కట్టినా ఆ గొంతు ఎక్కడా మునగలే.

నా సంగతీ చెప్త. హన్మకొండల ఒక పెద్దమ్మతో బతుకమ్మ పాట రికార్డు చేస్తున్న. చప్పట్లు కొట్టినప్పుడల్లా గాజులు మైకులో గలగల. ‘గాజులు తియ్యి పెద్దమ్మా’ అన్న. ‘బతుకమ్మకు గాజులు తీస్తరా బిడ్డా?’ అని నా మొహం చూసింది. చేసేది లేక గాజులతోనే రికార్డు చేసిన. ఇంటికొచ్చి వింటే, చప్పట్ల ఎంటనే గాజుల చప్పుడు సన్నగ పడుతున్నది. నేను ప్యాడ్‌తోని రెండు దినాలు వెతికిన దరువు అదే! పాటలకెళ్లి ప్యాడ్స్ అన్నీ తీసేసిన.

నువ్వు కూడా ముందు అక్కతో ఒట్టిగ పాడించు, చప్పట్లతో సహా. ఆమె ఊపిరి తీసుకునే జాగ గుర్తుపెట్టుకొని ఫ్లూట్ అక్కడే పెట్టు. ఇగ పేరంటవా, వీడియోల పాడినామె పేరు కిందనే నీ పేరు వెయ్యమని అక్కనే అడుగు. సిగ్గెందుకు?