ఆ పట్టీలోంచి బావంచాలు తీసెయ్యి

చిట్టీ,

నువ్వు ఉద్యోగం చేసుకుంటూనే సున్నిపిండి ప్యాకెట్లు చేసి అమ్ముతావని మీ అమ్మ మొన్న ఫోన్లో చెప్పింది. చెబుతుంటే దాని గొంతు నిండా సంబరమే. నాకూ అంతే. మా అమ్మ రోట్లో దంచిన పిండిని మనవరాలు నలుగురికీ అందిస్తానంటే సంతోషం ఎందుకుండదు! కానీ నువ్వు వాట్సాప్‌లో పంపిన దినుసుల పట్టీ చదివాక రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే మధ్యలోనే "సరే పెద్దమ్మా, సరే" అనేస్తావు. అందుకే కూర్చుని ఉత్తరం రాస్తున్నాను. చివరిదాకా చదువు.

ముందు చిన్న సంగతులు చెప్పేస్తాను. పెసలు పొట్టుతోనే ఆడించు. గులాబీ రేకులు, నారింజ తొక్కలు, వేపాకు నీడన ఎండబెట్టు. చేత్తో నలిపితే పెళపెళ విరగాలి. మెత్తగా వంగాయంటే లోపల తడి ఉన్నట్టే, డబ్బాకెత్తాక బూజు పడుతుంది. పాలు, పెరుగు కలిపిన ముద్దల జోలికి అసలు పోకు. అవి వాడేవాళ్లే ఎప్పటికప్పుడు కలుపుకోవాలి. పసుపు పొడి కొనొద్దు, కొమ్ములే కొను. పొడిలో సీసం ఉన్న రంగులు కలిపేవాళ్లున్నారు. కొమ్ముకి మెరుపు కోసం అదే రంగు పూసేవాళ్లూ ఉన్నారు. దుగ్గిరాల యార్డుకి సరుకు తెచ్చే రైతు ఒకాయన మనకి బాగా తెలుసు, నీకు కావలసినంత ఆయన దగ్గరే తీసుకుని పంపుతాను.

మిల్లు దగ్గర మాత్రం నువ్వే నిలబడు. నీకు ముందు ఎవరైనా మిరపకాయలు ఆడించుకుని ఉంటే, ఆ కారం మిషన్లో ఎంతో కొంత ఉండిపోతుంది. పసిపిల్లకి స్నానం చేయించే పిండిలో అది కలిస్తే ఏమవుతుందో ఆలోచించు. ముందు రెండు కిలోల బియ్యం ఆడించి ఆ పిండి పక్కన పెట్టేసి, ఆ తర్వాతే నీది పొయ్యమను. మిల్లతను విసుక్కున్నా సరే, ఆ బియ్యానికీ డబ్బులివ్వు.

లైసెన్సు లేకుండా ఒక్క ప్యాకెట్ కూడా అమ్మకు. 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం ఒంటికి రాసుకునేది తయారుచేసి అమ్మాలంటే రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ వాళ్ల అనుమతి కావాలి. ప్యాకెట్ మీద దినుసులు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ అన్నీ ఉండాలి. ఇంట్లో చేసే పిండే కదా అని తేలిగ్గా తీసుకోకు.

ఇక అసలు సంగతి. నీ పట్టీలో కిలోకి 150 గ్రాముల బావంచాలు, అదే బాకుచి గింజలు, అని రాశావు. పక్కనే "గ్లో కోసం" అని కూడా రాశావు.

మీ అమ్మ పెళ్లి ఫోటోల్లో అంత ఎండాకాలంలో మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు ఎందుకేసుకుందని చిన్నప్పుడు నువ్వు అడిగేదానివి. అప్పటి ఫ్యాషన్ అని చెప్పేదాన్ని. అది అబద్ధం.

1989 వైశాఖంలో పెళ్లి. పెళ్లిచూపులకొచ్చిన వాళ్లలో ఒకావిడ వెళ్తూ వెళ్తూ "పిల్ల కళగానే ఉంది, కాస్త రంగే తక్కువ" అంది. ఆ మాట మీ అమ్మ విన్నదో లేదో గానీ నాకు గుండెల్లో గుచ్చుకుంది. మా అమ్మ సున్నిపిండిలో సోలెడు పెసలకి బావంచాలు చిటికెడే వేసేది. ఆ చిటికెడుకే ఒంటి మీద మచ్చలు పోతాయంటే, ఎక్కువ వేస్తే రంగే తేలుతుందనుకున్నాను. ఎవరూ చూడకుండా దోసెడు వేసి దంచాను. నువ్వుల నూనెతో కలిపి, పెరట్లో పీట వేసి కూర్చోబెట్టి, చేతులకీ మెడకీ పట్టించాను. మొహానికి మాత్రం వెన్నలో పసుపు కలిపి రాశాం, మొహం దక్కిందంటే అందుకే. నలుగు ఎండేదాకా ఎండలోనే ఉండమన్నాను. మూడు రోజులు అలాగే చేశాను.

రెండో రోజు రాత్రి దురద అంది. వేడి చేసిందిలే అన్నాను. నాలుగో రోజు పొద్దున లేచేసరికి చేతుల మీద బొబ్బలు, కాలినట్టు. పెళ్లి ఆ రాత్రికే. దర్జీ చేత అప్పటికప్పుడు పొడుగు చేతుల జాకెట్టు కుట్టించాం. తలంబ్రాల బియ్యం చేతుల మీద పడినప్పుడల్లా మీ అమ్మ పళ్లు బిగపట్టడం పక్కనే నిలబడి చూశాను. బొబ్బలు మానాయి గానీ ఆ నల్ల మచ్చలు పోవడానికి సంవత్సరం దాటింది.

తర్వాత తెనాలిలో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, పిండిలో ఏమేం వేశారని అడిగి బావంచాల దగ్గర ఆపేశారు. ఆ గింజల్లో సోరాలెన్ అని ఒకటి ఉంటుందట. అది చర్మంలోకి ఇంకాక ఎండ తగిలితే ఒళ్లు కాలుతుంది. బొల్లి మచ్చలకి మందుగా ఇచ్చేది కూడా దాన్నేనట, ఎంత రాయాలో, ఎంతసేపు ఎండలో ఉండాలో లెక్క చూసి మరీ ఇస్తారట. లెక్క తెలిసిన డాక్టర్లే అంత జాగ్రత్తగా వాడేదాన్ని నేను దోసిలితో కొలిచాను.

"నేను చేతికి రాసుకుని చూశా పెద్దమ్మా, ఏమీ కాలేదు" అంటావేమో. నువ్వు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏసీ గదిలో ఉండేదానివి. నీ ప్యాకెట్ కొన్న మనిషి రాసుకుని కడుక్కుని బండెక్కి మధ్యాహ్నం ఎండలో తిరిగితే? ఆ మంట వెంటనే రాదు, ఒకటి రెండు రోజులకి వస్తుంది. అది నీ పిండి వల్లేనని వాళ్లకీ తెలియదు, నీకూ తెలియదు. ఇప్పుడు బాకుచియోల్ అని సీరమ్‌లు అమ్ముతున్నారు కదా, నీకీ ఆలోచన అక్కడే వచ్చి ఉంటుంది. అది బావంచాల మొక్కలోంచే తీసినా శుద్ధి చేసి వేరు చేసిన పదార్థం. మనం మిల్లులో ఆడించేది సోరాలెన్‌తో సహా మొత్తం గింజని.

కాబట్టి బావంచాలు పూర్తిగా తీసెయ్యి, అమ్మ వేసిన చిటికెడు కూడా వద్దు. కచోరాలు, తుంగగడ్డలు, వట్టివేళ్లు చాలు, వాసనకి అవే ప్రాణం. ప్యాకెట్ మీద రంగు తేలుతుందని కూడా రాయొద్దు తల్లీ. మురికి పోతుందని, ఒళ్లు నునుపుగా ఉంటుందని రాయి. అది నిజం. రంగు తేలుతుందన్న మాట చదివి ఏ అక్కో చెల్లెలి చేతులకి ఎక్కువెక్కువ పట్టిస్తుందేమోనని నా భయం.

ఇంకొక్క మాట. పిండి మా అమ్మది కాబట్టి ఆ రోజు అందరూ అమ్మనే తిట్టారు. దోసెడు వేసింది నేనని నేను నోరు విప్పలేదు. బావంచాల డబ్బా ఖాళీ అవడం మీ అమ్మ చూసింది. ఇప్పటికీ నన్ను ఒక్క మాట అనలేదు.

మొదటి దఫా ఆడించగానే అరకిలో నాకు పంపు. రెండు చేతులకీ రాసుకుని, ఒకటి ఎండలో పెట్టి, ఒకటి పైట కింద దాచుకుని, మూడు రోజులు చూసి ఫోన్ చేస్తాను. అప్పటిదాకా ఎవరికీ అమ్మకు.

ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించు. దానికి తెలిసిందే అయినా, నేను ఒప్పుకుని రాశానని చదవాలి.

నీ పెద్దమ్మ