కోడ్ సరిగ్గానే రాశాను, అయినా ఎందుకు పోయింది?

ప్రశ్న: భీమవరంలో బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమం. రెండు కంపెనీల్లో ఆన్‌లైన్ పరీక్ష దాటి ఇంటర్వ్యూలో ఆగిపోయాను. రెండోచోట కోడ్ సరిగ్గానే రాశాను. వచ్చే నెల అమెజాన్ ఇంటర్వ్యూ ఉంది. నా ఇంగ్లీషే అడ్డమా? రెండు లక్షలు కడితే హైదరాబాద్‌లో ఉద్యోగం ఇప్పిస్తామని ఒక కన్సల్టెన్సీ వాళ్లు నాన్నగారితో అంటున్నారు.

జవాబు: ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. అమెజాన్ ఏ దశలోనూ అభ్యర్థి దగ్గర రూపాయి తీసుకోదు. ఆ రెండు లక్షలు నాన్నగారి దగ్గరే ఉండనివ్వండి. ఇలాంటి చోట్ల చేతికిచ్చే దొంగ అనుభవ పత్రాలతో దొడ్డిదారిన వచ్చిన ఉద్యోగం, తనిఖీ జరిగిన రోజున ఊడిపోతుంది.

ఇక ఇంగ్లీషు. మీ అనుమానం సగమే నిజమని నాకు అనిపిస్తోంది. కోడ్ సరిగ్గా రాసినా పోయిందంటే, చాలాసార్లు అసలు కారణం మౌనం. తెర మీద కదిలే అక్షరాలు ఎదుటివారికి కనిపిస్తాయి గానీ మీ ఆలోచన కనిపించదు కదా.

‘ఈ సంఖ్యల్లో ఏ రెండు కలిపితే 9 వస్తుంది?’ అని అడిగారనుకోండి. బట్టీ పట్టినవారు వెంటనే టైపు మొదలుపెడతారు. మీరు ముందు అడగండి: రుణ సంఖ్యలు ఉంటాయా? ఒకే సంఖ్య రెండుసార్లు రావచ్చా? జత దొరక్కపోతే జవాబుగా ఏమివ్వాలి? తర్వాత తేలిక మార్గం చెప్పండి: ప్రతి సంఖ్యనూ మిగతావాటన్నిటితో కలిపి చూడటం. 10,000 సంఖ్యలుంటే దాదాపు 5 కోట్ల జతలవుతాయని వారు అడగకముందే మీరే చెప్పండి. అప్పుడు హ్యాష్ మ్యాప్‌కు రండి, అంటే చూసిన సంఖ్యలను దాచుకుని, కావాల్సింది అందులో ఉందో లేదో వెంటనే చెప్పే పట్టిక. 4 ఎదురైతే 5 ఇంతకుముందు వచ్చిందేమో చూడాలి, రాకపోతే 4ను దాచుకుని ముందుకెళ్లాలి. మెమరీ కొంత ఎక్కువ పడుతుంది, పని ఒక్క చుట్టులో అయిపోతుంది. ఇదంతా చెప్పడానికి ఐదారు మాటల వాక్యాలు చాలు.

అమెజాన్‌లో కోడింగ్‌కు సమానంగా చూసేది వారి 16 లీడర్‌షిప్ ప్రిన్సిపుల్స్, అంటే ఉద్యోగులు ఎలా ఆలోచించి పనిచేయాలో చెప్పే సూత్రాలు. ఇంటర్వ్యూ చేసేవారు వాటిని తలా రెండు మూడు చొప్పున పంచుకుని, మీ అనుభవాలు అడుగుతారు. అక్కడ ‘మేం చేశాం’ అంటే సరిపోదు. మీ రెజ్యూమేలో నలుగురు కలిసి చేసిన ముఖ గుర్తింపు హాజరు ప్రాజెక్టు ఉందనుకుందాం (నాకు వచ్చే రెజ్యూమేల్లో అది లేనిది అరుదు!). అందులో మీ చేతి పని ఏది? వెలుతురు చాలని గదిలో ముఖాన్ని గుర్తుపట్టకపోతే మీరు ఏం మార్చారు? మార్చాక ఎంత మెరుగైంది? జరిగినవే నాలుగైదు సంగతులు ఇంగ్లీషులో రాసుకోండి. తర్వాత కాగితం పక్కన పెట్టి, ఒక స్నేహితుడికి చెప్పి చూడండి.

యాస గురించి దిగులు వద్దు. ఆ కంపెనీలో ముఖ్యమైన సమావేశాలకు స్లైడ్లు వాడరు. గరిష్ఠంగా ఆరు పేజీల పత్రాన్ని అందరూ మౌనంగా చదివాకే చర్చ మొదలవుతుంది. అంటే చేరాక మీకు ఎక్కువగా పనికొచ్చేది స్పష్టంగా రాయగలగడం. ఇప్పటి నుంచే రోజుకో పేరా రాయండి.

చివర్లో ‘మీరేమైనా అడుగుతారా?’ అంటారు. లేదని తల ఊపకండి. ఆ బృందంలో ఆన్‌కాల్ వంతు ఎన్ని వారాలకోసారి వస్తుందో అడగండి. రాత్రి రెండింటికి సర్వీసు ఆగిపోతే లేచి చూడాల్సింది ఆ వారం వంతు ఉన్న ఇంజనీరే. కొత్తగా చేరినవారిని ఎన్ని నెలల తర్వాత ఆ వంతులో వేస్తారో కూడా కనుక్కోండి.