ప్రశ్న మీది: గేమ్‌లు ఆడను కదా, గ్రాఫిక్స్ డ్రైవర్ గొడవ నాకెందుకు?

ప్రశ్న: సార్, నాది మూడేళ్ళ కిందట కొన్న ఆండ్రాయిడ్ ఫోన్. లోపల మాలి జీపీయూ ఉందట, దాని డ్రైవర్‌లో లోపాన్ని హ్యాకర్లు వాడుకుంటున్నారని ఎక్కడో చదివాను. నేను గేమ్‌లు అస్సలు ఆడను, వాట్సాప్, యూట్యూబ్, కరెంటు బిల్లు కట్టడం, అంతే. అయినా భయపడాలా? మా అబ్బాయేమో యాంటీవైరస్ వేసుకోమంటున్నాడు.
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: గేమ్‌లు ఆడకపోయినా జీపీయూ, అంటే తెర మీద బొమ్మలు గీసే చిప్, ఊరికే కూర్చోదమ్మా, వాట్సాప్‌లో మీరు వేలితో పైకి తోసే ప్రతి మెసేజూ తెర మీదకి రావడానికి అదే పనిచేస్తుంది. కెమెరా కావాలంటే యాప్ మిమ్మల్ని పర్మిషన్ అడుగుతుంది, మైక్ కావాలన్నా అడుగుతుంది, జీపీయూకి మాత్రం అడగదు, అందుకని ఫోన్‌లో ఉన్న ప్రతి చిల్లర టార్చ్‌లైట్ యాప్‌కీ ఆ డ్రైవర్ (జీపీయూని నడిపే సాఫ్ట్‌వేర్) తలుపు తెరిచే ఉంటుంది, ఆ డ్రైవరేమో కెర్నల్ లోపల, అంటే ఫోన్ మొత్తానికి పెత్తనం ఉండే చోట నడుస్తుంది. అసలు చిక్కంతా ఇక్కడే.

2022లో బయటపడ్డ ఒకటి చెప్తా, సీవీఈ-2022-38181 అని దాని నంబరు. గిట్‌హబ్ సెక్యూరిటీ ల్యాబ్‌లో మాన్ యూ మో అనే రీసెర్చర్ పట్టుకున్నాడు. ర్యామ్ ఇరుకైనప్పుడు కెర్నల్ 'నీ దగ్గర వాడని మెమరీ ఉంటే వదులు' అంటుంది, మాలి డ్రైవర్ వదిలేస్తుంది, బానే ఉంది, కానీ తన లిస్టులో ఆ ఎంట్రీ కొట్టేయడం మర్చిపోయింది. మన భాషలో చెప్పాలంటే పొలం అమ్మేశాడు, పాత పాస్‌బుక్కు మాత్రం చేతిలోనే ఉంది, ఆఫీసులో ఇంకా చెల్లుతోంది కూడా. దొంగ యాప్ ఏం చేస్తుందంటే కావాలనే ర్యామ్ నింపేసి ఆ పొలం అమ్మించేస్తుంది, తర్వాత అదే చోట కెర్నల్ తన ముఖ్యమైన లెక్కలు పెట్టుకునేలా చూసుకుంటుంది, ఇక పాత పాస్‌బుక్కు పట్టుకెళ్ళి ఆ లెక్కలు దిద్దేస్తుంది. పిక్సెల్ 6 మీద మామూలు యాప్ నుంచే రూట్ దాకా, అంటే ఫోన్ మీద పూర్తి పెత్తనం దాకా వెళ్ళి చూపించాడాయన.

నాకు ఒళ్ళు మండేది ఆ తర్వాతి కథకి. 2022 జూలైలో ఆండ్రాయిడ్ టీమ్‌కి చెప్తే ఇది ఆ ఫోన్ చిప్ సంగతి అని మేం సరిచెయ్యం అన్నారు, మాలిని డిజైన్ చేసే ఆర్మ్ కంపెనీ వాళ్ళకి పంపారు. ఆర్మ్ వాళ్ళు సరిచేసిన డ్రైవర్‌ని అక్టోబర్లో విడుదల చేశారు, పిక్సెల్ ఫోన్లకి అది చేరింది 2023 జనవరిలో. ఈలోపు నవంబర్లో ఇటలీ, మలేషియా, కజకిస్తాన్‌లలో కొందరికి ఎస్సెమ్మెస్‌లో లింకులు వెళ్ళాయి, నొక్కినవాళ్ళ ఫోన్లలో స్పైవేర్ దించడానికి వాడిన లోపాల్లో ఇదీ ఉందని గూగులే బయటపెట్టింది. మందు తయారై షాపులో ఉంది, పేషెంట్ దాకా రాలేదు!

కాబట్టి యాంటీవైరస్ వద్దు, అది కూడా మిగతా యాప్‌ల్లాగే తన గదిలో తాను ఉండే యాప్, కెర్నల్లో జరిగేది దానికి కనపడదు. సెట్టింగ్స్‌లో ఎబౌట్ ఫోన్‌లోకి వెళ్ళి ఆండ్రాయిడ్ సెక్యూరిటీ ప్యాచ్ తేదీ చూడండి. చివర 01 ఉందా 05 ఉందా చూడండి, చాలామంది ఇది పట్టించుకోరు: 01 అంటే ఆండ్రాయిడ్ తాలూకు రిపేర్లు మాత్రమే, చిప్ కంపెనీల డ్రైవర్ రిపేర్లు మామూలుగా 05లో వస్తాయి. పక్కనే గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్ అని ఇంకో తేదీ ఉంటుంది, అది కొత్తగా ఉందని మురిసిపోకండి, దాంతో జీపీయూ డ్రైవర్ మారదు (నేనే ఏడాది పాటు ఆ తేదీ చూసుకుని ధీమాగా తిరిగా, అసలు ప్యాచ్ చూస్తే పదమూడు నెలల పాతది). ప్యాచ్ ఆగిపోయి ఏడాది దాటితే బ్యాంకు పనులు వేరే ఫోన్‌కి మార్చుకోండి. వాట్సాప్‌లో పెళ్లి పత్రిక, చలానా అంటూ వచ్చే ఏపీకేలు (యాప్ ఫైళ్ళు) ఎలాగూ వద్దు, నిజానికి వాటిలో ఎక్కువశాతానికి ఇంత తెలివైన లోపం కూడా అక్కర్లేదు, ఎస్సెమ్మెస్ పర్మిషన్ అడుగుతాయి, మనమే ఓకే నొక్కుతాం.

ప్రశ్న: డ్రైవర్లన్నీ రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసేస్తే ఈ గోల ఉండదు కదా అన్నా?
- బీటెక్ స్టూడెంట్, భీమవరం

జవాబు: చాలావరకు తగ్గుతుంది తమ్ముడూ, ఇలాంటి మెమరీ తప్పుల్ని రస్ట్ చాలావరకు ముందే అడ్డుకుంటుంది. ఆండ్రాయిడ్ లోపాల్లో మెమరీకి సంబంధించినవి 2019లో 76 శాతం, 2024కి 24 శాతం అని గూగుల్ లెక్క, అదీ పాత కోడ్ అంతా తిరగరాయకుండా, కొత్తగా రాసేది మాత్రం ఎక్కువగా రస్ట్‌ లాంటి భాషల్లో రాస్తేనే. మాలికి కూడా టైర్ అని రస్ట్ డ్రైవర్ లైనక్స్‌లోకి వస్తోంది. అలాగని తప్పులే ఉండవని కాదు, విండోస్ 11లో గ్రాఫిక్స్ ముక్క ఒకటి రస్ట్‌లో రాస్తే అందులోనూ చెక్ పాయింట్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్ళకి తప్పు దొరికింది, 2025 మేలో సరిచేశారు. తేడా ఏంటంటే అక్కడ హద్దు దాటబోతే రస్ట్ చెకింగ్ పట్టేసుకుంది, కెర్నల్లో కాబట్టి మెషీన్ మొత్తం బ్లూ స్క్రీన్ వేసి పడిపోయింది. సేవ్ చేసుకోని ఫైల్ పోతుంది, ఫోన్‌పే పిన్ పోదు.