నాన్నగారి జీపుకు తగిలించిన ఫ్లేర్లు తీసేస్తే తప్పవుతుందా?

సందేహం: మాది అనంతపురం జిల్లా. ఉద్యోగరీత్యా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను. మా నాన్నగారి 1972 మోడల్ మహీంద్రా సీజే-3బీ జీపును రెండేళ్ల కిందట ఇక్కడికి తెచ్చాను. ఆయన నిరుడు కాలం చేశారు. 1990ల్లో ఎవరో చెబితే వెడల్పు టైర్లు వేయించి, అవి తగలకుండా మడ్‌గార్డుల అంచులు కోయించి, వాటిపైన ఫైబర్ ఫ్లేర్లు (చక్రం మీద బయటికి పొడుచుకువచ్చే అంచులు) బిగించారు. ఇప్పుడు అవి తీసేసి జీపును మొదట ఎలా ఉండేదో అలా చేయించాలని ఉంది. తీయడానికి కూడా ఆర్టీఓ అనుమతి కావాలని ఒక మెకానిక్ అంటున్నాడు. తీసేస్తే వింటేజ్ నంబరు వస్తుందని ఇంకొకరు అంటున్నారు. ఈమధ్య ఒక ట్రాఫిక్ ఎస్సై ఆపి, ఇవి చట్టవిరుద్ధం అని హెచ్చరించారు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఎస్సై గారి మాట చూద్దాం. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారేలా బండిని యజమాని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి సెక్షన్ 182ఎ కూడా అమల్లోకి వచ్చింది. అనుమతి లేని మార్పు చేస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. కాబట్టి ఆయన మిమ్మల్ని ఊరికే బెదిరించలేదు. అయితే కేరళ కేసులో ప్రస్తావనకు వచ్చిన ఆ రాష్ట్ర రవాణా శాఖ సర్క్యులర్, రంగు మార్చడం, చిన్న ఫిట్టింగులు పెట్టడం వంటివాటిని నిర్మాణంలో మార్పుల నుంచి వేరు చేసింది. బోల్టులతో బిగించిన ఫ్లేర్ ఒక్కటే అయితే అది చిన్న ఫిట్టింగ్ అని నేను ధైర్యంగా వాదిస్తాను. మీ విషయంలో మడ్‌గార్డు రేకును కోశారు, టైర్ల సైజు మార్చారు. చిక్కు అక్కడుంది.

ఇక తీయడం సంగతి. కంపెనీ రూపానికి తిరిగి తీసుకెళ్లడం చట్టం కోరేదే. ఫ్లేర్లు ఊడదీసి, కోసిన అంచులకు పాత కొలతల్లో రేకు అతికించి, టింకరింగ్ చేయించడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదని నా అభిప్రాయం. అయితే ఫ్లేర్లు మాత్రమే తీసి వెడల్పు టైర్లు ఉంచేయకండి. బాడీ దాటి బయటికి వచ్చిన టైరు వెనక వచ్చే స్కూటరు వాళ్ల మీదికి బురద, కంకర చిమ్ముతుంది. ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) వెళ్లినప్పుడు ఇన్‌స్పెక్టర్ అక్కడే పట్టుకుంటారు. సీజే-3బీకి మొదట వచ్చిన టైరు సైజు 6.00-16. టైర్లు, ఫ్లేర్లు ఒకే విడతలో మార్పించండి. ముందు పెద్ద ఇనుప బుల్‌బార్ కూడా ఉంటే అదీ తీయించేయండి. వాటిని అనుమతించవద్దని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది.

మీరు అడగకపోయినా ఒకటి నేను అడగాలి. ఇంజిన్ మొదటిదేనా? ఆ రోజుల్లో పెట్రోలు ఖర్చు భరించలేక ఈ జీపుల్లో చాలావాటికి డీజిల్ ఇంజిన్ వేయించారు. మీదీ అలా మారి ఉండి, ఆర్సీలో ఇంజిన్ నంబరు, ఇంధనం పాతవే ఉంటే, ఫ్లేర్ల కంటే అదే పెద్ద సమస్య. ఆర్సీ చేత్తో పట్టుకుని బానెట్ ఎత్తి, నంబరు సరిచూసుకున్నాకే షెడ్డు వాళ్లకు అడ్వాన్సు ఇవ్వండి.

వింటేజ్ నంబరు దానంతట అది రాదు. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చిన 81ఎ, ఆ తర్వాతి నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు బండ్లకు అది వర్తిస్తుంది. మీ జీపు వయసు సరిపోతుంది. కానీ ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో మార్పులు జరగకుండా మొదటి రూపంలోనే ఉండాలి. రాష్ట్ర కమిటీ పరిశీలించి ఒప్పుకోవాలి. కోసిన మడ్‌గార్డు తిరిగి మొదటి ఆకారానికి వచ్చిందని వాళ్లకు కళ్లతో చూపించాలి. అందుకే పని మొదలుపెట్టకముందే నాలుగు వైపుల నుంచీ తేదీతో ఫొటోలు తీయండి. ఫ్లేర్ ఊడదీశాక కోసిన అంచు ఎలా ఉందో, రేకు అతికాక పుట్టీ పూయకముందు ఎలా ఉందో కూడా తీయండి. బిల్లులన్నీ దాచుకోండి.

కొత్తగా రిజిస్టర్ చేసే వింటేజ్ బండికి ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ల చెల్లుబాటు, వీఏ అక్షరాలున్న నంబరు. ఇప్పటికే రిజిస్టరైన బండి తన పాత నంబరునే ఉంచుకోవచ్చు. ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ, వింటేజ్‌గా నమోదయ్యాక దాన్ని రోజూ నడపకూడదు. ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతులు వంటి పనులకే రోడ్డెక్కాలి. ఆదివారం పొద్దున్నే పిల్లల్ని ఎక్కించుకుని నంది హిల్స్‌కు వెళ్లాలన్నది మీ ఆశ అయితే నేను దాన్ని సిఫారసు చేయను. మామూలుగా ఎఫ్‌సీ చేయించి, ఆర్సీని అయిదేళ్లకోసారి రెన్యూవల్ చేయించుకోవడం మేలు. పాత బండ్లను వయసు చూసి ఆపేసే ఢిల్లీ నిబంధన ఇక్కడ లేదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన సంగతి. నాన్నగారు పోయి ఏడాది అవుతోంది, ఆర్సీ ఇంకా ఆయన పేరునే ఉందని అర్థమవుతోంది. యజమాని మరణించాక వారసుడు మూడు నెలల్లో ఫారం 31తో పేరు మార్పించుకోవాలి. ఆలస్యానికి కొంత కట్టాల్సి రావచ్చు, దానికి భయపడకండి. మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం, అమ్మగారూ తోబుట్టువులూ ఇచ్చే నిరభ్యంతర పత్రం సిద్ధం చేసుకోండి. బీమా కూడా మీ పేరుకు మార్పించుకోండి. ఈలోగా ఏదైనా ప్రమాదం జరిగితే పరిహారం దగ్గర పెద్ద పేచీ వస్తుంది. ఆ తర్వాత, బండి వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే సెక్షన్ 47 ప్రకారం అక్కడి నంబరు తీసుకోవాలి. అంటే ఆంధ్ర ఆర్టీఓ నుంచి ఫారం 28లో ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం), ఇక్కడ కొత్త నంబరుకు ఫారం 27, కర్ణాటక పన్ను. ఈ కాగితాలు పూర్తయ్యేదాకా జీపును రోడ్డు మీదికి తీయకండి.

షెడ్డుతో మాట ఒప్పందం వద్దు. ఏ పని, ఏ రేకు, ఎంత ఖర్చు, ఎన్నాళ్లు అన్నది కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. పని చెడగొడితే రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అప్పుడు మీ చేతిలో ఉండే ఆధారం ఆ కాగితమే.

పాత రంగు తీయడానికి ఇసుకతో బ్లాస్టింగ్ చేయిస్తారేమో, దానికి ముందే ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో ప్రింట్ తీసుకుని, ఆ చోటును మందపాటి టేపుతో కప్పించండి. రివిట్లతో బిగించిన నంబరు ప్లేటును ఊడదీయనివ్వకండి. కొన్నేళ్ల కిందట నా దగ్గరికి వచ్చిన ఒకాయన జీపు ఎంతో అందంగా తయారైంది గానీ, బ్లాస్టింగ్‌లో ఛాసిస్ నంబరు అరిగిపోయింది. అది దొంగ బండి కాదని నిరూపించుకోవడానికి ఆయన నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగారు.