డిగ్రీలో కంప్యూటర్స్ లేవు, ఎంసీఏ చదవగలమా?

ప్రశ్న: ఇంటర్‌లో సీఈసీ, తర్వాత బీకాం జనరల్ చదివాను. ఇంటర్ నుంచి మ్యాథ్స్ లేదు. ఐసెట్ రాసి ఎంసీఏలో చేరవచ్చా?
– ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: ఎంసీఏ, అంటే కంప్యూటర్ అప్లికేషన్స్‌లో పీజీ, 2020–21 నుంచి రెండేళ్ల కోర్సు అయింది. ఇంటర్‌లోనో డిగ్రీలోనో మ్యాథ్స్ చదివి ఉండాలన్నది చాలాకాలంగా ఉన్న నిబంధన. సాంకేతిక కోర్సుల నియంత్రణ సంస్థ ఏఐసీటీఈ తర్వాత దాన్ని సడలించింది. ఏ డిగ్రీ అయినా సరే, మ్యాథ్స్ ఉంటే మంచిది, లేనివాళ్లు ఆ లోటు పూడ్చే బ్రిడ్జి కోర్సు తప్పనిసరిగా చదవాలి అంది. అంతమాత్రాన ప్రతి రాష్ట్రంలో, ప్రతి యూనివర్సిటీలో అదే అమలవుతుందని అనుకోకండి. ఈ ఏటి నోటిఫికేషన్‌లో ఎంసీఏ అర్హత పేరాను అక్షరం వదలకుండా చదవండి. ఎంబీఏకీ ఎంసీఏకీ పరీక్ష ఒకటే కాబట్టి ర్యాంకు ఎలాగూ వస్తుంది. చిక్కు బయటపడేది సర్టిఫికెట్ల పరిశీలనలో. అప్పటికి ఫీజు, సమయం రెండూ పోయి ఉంటాయి. ఇంటర్‌లో ఎంఈసీ (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్) చదివినవాళ్లకు ఈ బెంగ లేదు. డిగ్రీలో 50 శాతం మార్కులు, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 45 శాతం కావాలి.

పరీక్షలో 200 ప్రశ్నలకు 150 నిమిషాలు, అంటే ప్రశ్నకు 45 సెకన్లు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్కటీ ఖాళీ వదలవద్దు. శాతాలు, లాభనష్టాలు, వడ్డీ మీకు అలవాటైనవే. ముందు వాటి మీద పట్టు సాధించి, ఆ తర్వాత ఆల్జీబ్రాకు వెళ్లండి. ఎన్ఐటీల్లో ఎంసీఏకు రాసే నిమ్‌సెట్ మాత్రం మీకు కుదరదు. దానికి డిగ్రీలోనే మ్యాథ్స్ గానీ స్టాటిస్టిక్స్ గానీ ఉండాలి.

ప్రశ్న: ఎంసీఏలో సీటు వచ్చింది. క్లాసులు మొదలవడానికి మూడు నెలలుంది. కోడింగ్ అసలు తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఒక్క భాషతో. మీ కాలేజీ సిలబస్ తెప్పించుకుని మొదటి సెమిస్టర్‌లో ఏ భాష ఉందో చూడండి. సీ ఉంటే సీ, పైథాన్ ఉంటే పైథాన్. చాలామంది భయంతో సీ, జావా, వెబ్ డిజైన్ మూడు కోర్సుల్లో ఒకేసారి చేరి, ఏదీ రాక కుంగిపోతారు. వాళ్లలో తెలివికి లోటేమీ లేదు, పద్ధతే తప్పు.

ఇంకో తప్పు, వీడియో చూసి అర్థమైందనుకోవడం. పది వరుసల ప్రోగ్రాం తీసుకుని కాగితం మీద గళ్లు గీయండి. వేరియబుల్‌కు ఒక గడి పెట్టి, ఒక్కో వరుస అయ్యాక అందులో విలువ ఎంత మారిందో రాయండి. ఆ తర్వాతే కంప్యూటర్‌లో నడిపి సరిచూసుకోండి. రోజుకు రెండు చాలు. లూపులు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించేవి), అర్రేలు (ఒకే పేరు కింద ఉండే విలువల వరుసలు), ఫంక్షన్లు (ఒక్కో పనికి విడిగా రాసిన ముక్కలు) ఇలా వచ్చాకే పాయింటర్ల (మెమరీ చిరునామాలు దాచేవి) జోలికి వెళ్లండి.

కొత్తవాళ్లు తడబడే చోట్లు ముందే తెలుసుకుంటే సగం భయం పోతుంది. అయిదు అంశాలున్న అర్రేలో లెక్క 0 నుంచి 4 వరకే. 5 అని రాస్తే సీ భాష మిమ్మల్ని ఆపదు, ఏదో చెత్త విలువ తెచ్చి చూపించవచ్చు. సీలోనే 600కు 430 మార్కుల శాతం కోసం 430/600*100 అని రాస్తే జవాబు సున్నా వస్తుంది. రెండూ పూర్ణసంఖ్యలు కావడంతో భాగహారం దగ్గరే దశాంశం తెగిపోతుంది. 430*100.0/600 అని రాయండి, 71.67 వస్తుంది. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 చూపిస్తుంది. దశాంశాలను కంప్యూటర్ బైనరీలో, అంటే 0, 1 అంకెలతోనే దాస్తుంది, 0.1 అందులో సరిగ్గా ఇమడదు. అందుకే బిల్లింగ్ ప్రోగ్రాంలో డబ్బును పైసల్లో, పూర్ణసంఖ్యగా ఉంచాలి.

డేటాబేస్ పేపర్‌లో కామర్స్ వాళ్లే ముందుంటారు. ఖాతాదారులది ఒక పట్టిక, లావాదేవీలది ఇంకొకటి, రెండింటినీ కలిపేది ఖాతా నంబరు. లెడ్జర్ రాసిన చేతికి ఇది కొత్త కాదు. చివరి నెలలో ఎస్‌క్యూఎల్ (ఇలాంటి పట్టికల నుంచి వివరాలు రాబట్టే భాష) మొదలుపెట్టండి. రోజూ అరగంట సెట్లు, ట్రూత్ టేబుళ్లకు (నిజం, అబద్ధం పట్టికలకు) ఇవ్వండి. డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ పేపర్‌కు అవే పునాది.

ప్రశ్న: బ్రిడ్జి కోర్సు మార్కులు లెక్కలోకి రావంటున్నారు. పట్టించుకోవాలా?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: తప్పకుండా. మార్కులు కలిపినా కలపకపోయినా, పాస్ కాకుంటే పట్టా చేతికి రాకపోవచ్చు. అంతకన్నా ముఖ్యం, డేటా స్ట్రక్చర్స్ మాస్టారు మీకు ప్రోగ్రామింగ్ వచ్చనే అనుకుని పాఠం చెబుతారు. అక్కడ వెనకబడితే జావా, ఆపరేటింగ్ సిస్టమ్స్ కూడా చేజారతాయి.

ప్రశ్న: బీఏ ఎకనామిక్స్ చేశాను. విదేశాల్లో ఐటీ మాస్టర్స్‌కు దారి ఉందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఉంది, కోర్సు పేరు దగ్గర జాగ్రత్త. బ్రిటన్‌లో వేరే సబ్జెక్టుల వాళ్ల కోసం కన్వర్షన్ ఎమ్మెస్సీ అని ఏడాది కోర్సులున్నాయి. ‘అడ్వాన్స్‌డ్ కంప్యూటర్ సైన్స్’ అని ఉంటే సాధారణంగా కంప్యూటర్ డిగ్రీ అడుగుతారు. అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ ఎంసీఐటీ అనే ఐటీ మాస్టర్స్‌ను ఇలాంటివాళ్ల కోసమే పెట్టింది, మొత్తం పది కోర్సులు. ఆస్ట్రేలియాలో మాస్టర్ ఆఫ్ ఐటీ కంప్యూటర్ చదివినవాళ్లకు చాలాచోట్ల ఏడాదిన్నర, మీకు రెండేళ్లు. ఆ అదనపు ఆరు నెలల ఫీజు, ఖర్చు కలిపి అప్పు లెక్క వేసుకోండి. మూడేళ్ల డిగ్రీని ఒప్పుకుంటారో లేదో కన్సల్టెన్సీ మాట మీద వదలకండి. మార్కుల జాబితా జత చేసి యూనివర్సిటీ అడ్మిషన్ల ఆఫీసుకే మెయిల్ రాయండి, జవాబు వచ్చాకే దరఖాస్తు ఫీజు కట్టండి.